ఊపిరి కోసం... నాంపల్లికి!

జనవరిలో నుమాయిష్... జూన్‌లో చేప ప్రసాదం. హైదరాబాద్ నాంపల్లిలోని ఎగ్జిబిషన్ మైదానం ఏడాదికి రెండుసార్లు జనసంద్రమవుతుంది. మొదటిసారి వచ్చేవాళ్ళు సరదా కోసం వస్తారు. రెండోసారి వచ్చేవాళ్ళు మాత్రం గుండెల నిండా గాలి పీల్చుకోవాలన్న ఆశతో వస్తారు!

రోహిణి ఎండలు వెనకబడి మృగశిర కార్తె వస్తోందంటే చాలు, నాంపల్లి స్టేషన్‌లో దిగే ప్రయాణికుల తీరే మారిపోతుంది. మహారాష్ట్ర, కర్ణాటక, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్... ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలకు కుటుంబాలే వచ్చేస్తాయి. చంకలో బిడ్డ, చేతిలో చాప, సంచిలో నీళ్ళ సీసా. స్టేషన్ నుంచి మైదానం నడిచేంత దూరమే. కానీ నాలుగడుగులకోసారి ఆగి, నడుం మీద చెయ్యేసుకుని, ఎగశ్వాసతో నిలబడేవాళ్ళను చూస్తే ఆ కాస్త దూరమూ ఎంతో అర్థమవుతుంది.

మైదానంలో బారికేడ్లు, వరుసలు, మైకులో ప్రకటనలు. మత్స్యశాఖ కౌంటర్లలో ప్లాస్టిక్ కవర్లో నీళ్ళు పోసి బతికున్న కొర్రమీను పిల్లను ఇస్తారు. దాన్ని పట్టుకుని వరుసలో ముందుకెళ్తే బత్తిని కుటుంబీకులు చేప నోట్లో పసుపురంగు ముద్ద పెట్టి, మన నోరు తెరిపించి, గొంతులోకి జార్చేస్తారు. పెద్దవాళ్ళు కళ్ళు గట్టిగా మూసుకుంటారు. పిల్లలైతే కెవ్వుమంటారు. అంతలోనే అయిపోతుంది. శాకాహారులకు బెల్లంతో కలిపి ఇస్తారు. దేనికీ వాళ్ళు డబ్బు తీసుకోరు. స్వచ్ఛంద సంస్థలు పెట్టే అన్నం, మజ్జిగ సరేసరి!

దూద్‌బౌలి నుంచి ఎగ్జిబిషన్‌కు

ఈ ఆనవాయితీ 1845లో మొదలైందని బత్తిని కుటుంబం చెబుతుంది. పాతబస్తీలోని దూద్‌బౌలిలో ఉండే వీరన్న గౌడ్‌కు ఒక సాధువు ఈ మందు రహస్యం చెప్పాడనీ, డబ్బు తీసుకోకుండా ఇస్తేనే అది పనిచేస్తుందన్నాడనీ కథనం. చాలాకాలం ఆ ఇంటి దగ్గరే ఇచ్చేవారు. జనం పెరిగాక మైదానాలకు మారింది. కొవిడ్ కారణంగా 2020 నుంచి మూడేళ్ళు ఆగిపోయి, 2023లో మళ్ళీ మొదలైంది. ఎన్నో ఏళ్ళు దీన్ని నడిపించిన బత్తిని హరినాథ్ గౌడ్ అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు.

ముద్దలో ఏముందో చెప్పరు. అందుకే జనవిజ్ఞాన వేదిక లాంటి సంస్థలు ఏళ్ళ తరబడి ప్రశ్నిస్తున్నాయి. గొడవ కోర్టుల దాకా వెళ్ళింది. ఒకప్పుడు అందరూ ‘చేపమందు’ అనేవారు, ఇప్పుడు ‘చేప ప్రసాదం’ అంటున్నారు. ఇది ఆస్తమాను తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. మరి తగ్గిందని చెప్పేవాళ్ళ సంగతేంటి? ఉబ్బసం గుణమే అంత. కొన్నాళ్ళు విజృంభిస్తుంది, కొన్నాళ్ళు దానంతటదే అణిగిపోతుంది. అణిగి ఉన్నప్పుడు మింగిన దేనికైనా ఆ పేరు దక్కుతుంది. లోపల వాపు మాత్రం అలాగే ఉండొచ్చు.

మిల్లీగ్రాములు... మైక్రోగ్రాములు

మైదానం పక్కనే గాంధీభవన్ మెట్రోస్టేషన్. అక్కడ మియాపూర్ వైపు రైలెక్కితే పదో స్టేషన్ ఎర్రగడ్డ. క్షయ రోగుల కోసం మొదలై, తర్వాత ఊపిరితిత్తుల జబ్బులన్నిటికీ పెద్దదిక్కైన ప్రభుత్వ ఛాతీ ఆస్పత్రి ఉన్నది అక్కడే. ఈ రెండు చోట్లనూ కలిపేది ఒకే మెట్రో లైను. కానీ చాలా ఇళ్ళలో ఈ ప్రయాణం పూర్తవడానికి ఏళ్ళు పడుతుంది. మధ్యలో ఎన్నో స్టేషన్లు... కషాయాలు, పథ్యాలు, ఎవరో చెప్పిన మాత్రలు, ‘ఇన్‌హేలర్ అలవాటైపోతుంది’ అనే భయం, ఆడపిల్ల నలుగురిలో దాన్ని పీలిస్తే సంబంధాలు రావేమోనన్న బెంగ!

నిజానికి ఆస్తమాలో గాలి గొట్టాలు వాచిపోతాయి, చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, లోపల జిగురు పేరుకుంటుంది. ఆ ఇరుకు దారిలో గాలి దూరేటప్పుడు వచ్చేవే పిల్లికూతలు. ఇన్‌హేలర్ మందు నేరుగా అక్కడికే వెళ్తుంది. సాల్బ్యుటమాల్‌నే తీసుకోండి. మాత్రలో 2 నుంచి 4 మిల్లీగ్రాములుంటే, ఇన్‌హేలర్ ఒక్క పీల్పులో ఉండేది 100 మైక్రోగ్రాములే. అంటే ఇరవయ్యో వంతో, నలభయ్యో వంతో! భయపడుతున్నదే తక్కువ మోతాదు మందుకన్నమాట. అయితే ఇది అప్పటికప్పుడు ఉపశమనం ఇచ్చేది మాత్రమే. వాపును తగ్గించేది బ్యుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ ఇన్‌హేలర్. అది లేకుండా ఉపశమనం మందు ఒక్కటే వాడటం ప్రమాదమని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు హెచ్చరిస్తున్నాయి.

దీని ఖరీదు ప్రాణాల్లో కనిపిస్తుంది. 2019 అంచనాల ప్రకారం ప్రపంచంలోని ఆస్తమా బాధితుల్లో మనదేశంలో ఉన్నది దాదాపు 13 శాతం. మరణాల్లో మన వాటా మాత్రం 40 శాతానికి పైనే!

మిగిలిన రోజుల మాటేంటి?

అలాగని ప్రభుత్వాలు చేతులు కట్టుకు కూర్చోలేదు. బ్యుడెసొనైడ్, సాల్బ్యుటమాల్ రెండూ 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. బీపీ, షుగర్‌లను చూసే జాతీయ కార్యక్రమంలోకి ఆస్తమా కూడా వచ్చింది. కానీ బీపీ మాత్ర దొరికినంత తేలిగ్గా పల్లె ఆస్పత్రిలో స్టెరాయిడ్ ఇన్‌హేలర్ దొరకదు. దొరికినా, ఎలా పీల్చాలో నేర్పించే తీరిక ఉండదు. సరిగ్గా పీల్చకపోతే మందు గొంతులోనే ఆగిపోతుంది.

శ్రద్ధ పెడితే ఏమవుతుందో ఫిన్లాండ్ చూపించింది. 1994 నుంచి 2004 వరకు అక్కడ ఆస్తమా కోసమే ఓ జాతీయ కార్యక్రమం నడిపారు. కొత్త మందేమీ కనిపెట్టలేదు. ఊరి డాక్టర్లకు, నర్సులకు, మందుల షాపులవాళ్ళకు శిక్షణ ఇచ్చారు. జబ్బును తొలిదశలోనే పట్టుకుని వాపు తగ్గించే మందు మొదలుపెట్టించారు. పదేళ్ళలో, ఆస్తమాతో ఆస్పత్రి మంచం మీద గడిపే రోజులు సగానికి పైగా తగ్గిపోయాయి.

మనకు చేతకాదనుకోవడానికి లేదు. మృగశిర నాడు నాంపల్లిలో చూడండి... లక్షకు పైగా చేపపిల్లలు సమయానికి వస్తాయి. నీళ్ళు, బస్సులు, పోలీసులు, వైద్య శిబిరం, అన్నీ సిద్ధం. ఆయాసపడే మనిషి ఏ రాష్ట్రం నుంచి వచ్చినా వరుసలో నిలబడితే వట్టిచేతులతో వెళ్ళడు. ఏడాదిలో ఈ ఒక్కరోజుకు చేస్తున్న ఏర్పాటులో కొంతైనా మిగిలిన 364 రోజులూ ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంటే..!

చేప మింగాలా వద్దా అన్నది ఎవరి నమ్మకం వాళ్ళది. బిడ్డ చేతిలోని ఇన్‌హేలర్‌ని మాత్రం ఆపొద్దు. ఎందుకంటే, మృగశిర వెళ్ళాక మొదలయ్యేది వానాకాలం. చెమ్మకూ చలిగాలికీ పిల్లికూతలు మళ్ళీ మొదలయ్యే కాలం!