ముందు నా స్ప్లెండరు, వెనక ఐదు పెద్ద బండ్లు

పది పన్నెండు రోజులుగా పోస్టు పెట్టలేదు. నిమ్మతోట ఏమైందని కొందరు అడిగారు. ఒకాయన అయితే ఫోనే చేశాడు. తోట సంగతి చెబుతా. కానీ అంతకుముందు మూడు రోజులు బండి మీద తిరిగిన తిరుగుడు చెప్పాలి. అది చెప్పకపోతే తోట సంగతి మీకు అర్థం కాదు.

మావాడు బెంగళూరులో ఉద్యోగమని మీకు తెలుసు. వాడి ఆఫీసులో కొందరికి బండ్ల పిచ్చి. సెలవులొస్తే లడాఖ్ అనీ స్పితి అనీ పోతారంట. ముందు ఒక గైడు బండి నడుపుతాడు, వెనక మెకానిక్కుతో ఒక వ్యాను వస్తుంది, మధ్యలో వీళ్లు. కొండల్లో ఊళ్లు, కనుమలు దాటుకుంటూ వారం పది రోజులు తిరిగొస్తారు. దానికి మనిషికి వేలకు వేలు కడతారు. మావాడు వాళ్లతో, "మా వైపు కూడా వెలిగొండలున్నాయి, కనుమలున్నాయి, మా నాయన చూపిస్తాడు" అని మాటిచ్చేశాడు. నన్ను అడగలేదు. మాటిచ్చాక చెప్పాడు.

"దారి చూపించినందుకు డబ్బులేందిరా, ఎవరన్నా నవ్విపోతారు" అన్నాను.

"నాయనా, దారి చూపించేదానికి కాదు. మూడు రోజులు నీ పని మానుకుంటావు కదా, దానికి" అన్నాడు. రోజుకి రెండు వేలు, పెట్రోలు తిండి వాళ్లవే.

ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో అప్పుడు ఇంట్లో కూడా చెప్పలేదు, ఇప్పుడు మీకు చెబుతున్నా. నాకు మూడు బోర్లున్నాయి. 280 అడుగులది ఎండిపోయింది, 450 అడుగులది ఎండిపోయింది, 620 అడుగులది ఒక అంగుళం పోస్తుంది, అదీ కరెంటున్నంత సేపు కాదు. నాలుగోది వెయ్యాలని నా మనసులో ఉంది. మావాడు వద్దంటాడు. "నాలుగో బోరుకి డబ్బులు నేనివ్వను, అమ్మేసి వచ్చేయండి" అంటాడు. వాణ్ణి అడక్కుండా ఎక్కడెక్కడి రూపాయలు ఒకచోట చేర్చుకుంటున్నా. ఈ ఆరు వేలు కూడా ఆ మూటలోకే అనుకున్నా.

సంక్రాంతికి ముందు ఒక శుక్రవారం ఆత్మకూరు బస్టాండు దగ్గర కలిశాం. ఐదు బండ్లు. మూడు ఎన్‌ఫీల్డ్‌లు, రెండు వేరే రకం, ఎత్తుగా గుర్రాల్లాగున్నాయి. నలుగురు మగపిల్లలు, ఒక అమ్మాయి. మోకాళ్లకి చిప్పలు, మోచేతులకి చిప్పలు, మందపాటి కోట్లు. జనం గుమిగూడి ఏ సినిమా షూటింగని అడిగారు. నాది 2011 స్ప్లెండరు, క్యారేజీకి గోతాం సంచి, అందులో వేయించిన వేరుశనక్కాయలు. ఆ అమ్మాయి నా హెల్మెట్టు చూసి, "అంకుల్, దీనికి కింద బెల్టు లేదు" అంది. వాళ్లు తెచ్చిన ఇంకో హెల్మెట్టు పెట్టేదాకా కదలనివ్వలేదు. గైడుకే గైడు దొరికింది.

మొదటిరోజు అనంతసాగరం మీదుగా సోమశిల. కొండల వరసని చీల్చుకుని పెన్నమ్మ ఇవతలికి వచ్చే సందులో కట్టారు ఆ డ్యాము. 78 టీఎంసీలు పడుతుంది. పిల్లలు ఫోటోలు తీసుకుంటుంటే నేను చెప్పాను: "ఈ నీళ్లు నెల్లూరు మాగాణికి పోతాయి, కండలేరుకి పోతాయి, అక్కణ్ణించి మద్రాసుకి కూడా పోతాయి. మా మెట్టకి ఎక్కవు. మేం ఎత్తులో ఉన్నాం." ఒకబ్బాయి, "ఎత్తులో ఉంటే మంచిదే కదా అంకుల్" అన్నాడు. కాలవ కింద బతికేవాడికి ఎత్తు ఎంత శాపమో బెంగళూరులో పెరిగిన పిల్లాడికి ఏం తెలుస్తుంది, నవ్వి ఊరుకున్నా.

రాత్రికి ఉదయగిరి. మర్నాడు తెల్లారకముందే దుర్గం ఎక్కుతామన్నారు. 3,079 అడుగుల కొండ. నేను సగం దాకా ఎక్కి బండరాయి మీద కూర్చుండిపోయా, మోకాళ్లు ఒప్పుకోలేదు. వాళ్లు పైన మసీదు దాకా పోయి పన్నెండింటికి దిగారు. దిగాక టీ తాగుతూ చెప్పాను. కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ కోట పట్టుకోవడానికి సుమారు ఏడాదిన్నర పట్టింది, 1514లో చిక్కింది. నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి రాసిన దాంట్లో, కోట మీదికి దారి లేక రాయలు కొండలు తొలిపించి బండలు పగలగొట్టించి దారులు చేయించాడని ఉంది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని తీసుకుపోయి హంపిలో గుడి కట్టి నిలిపాడు. "అంకుల్, మీరు ఏం చదివారు?" అని అడిగారు. ఇంటరు అన్నాను. ఇంటర్లో ఇవి చెప్పలేదు, వానలు లేని ఏళ్లలో చదువుకున్నవి.

ఉదయగిరిలో అడవి కర్రతో గరిటెలు, చెంచాలు చెక్కుతారు, మీలో చాలామందికి తెలుసు. ఆ అమ్మాయి డజను కొంది. బేరం ఆడలేదు. బేరమాడకపోతే చెక్కిన ఆవిడకే అనుమానం వచ్చినట్టుంది, ఇంకో రెండు ఊరికే ఇచ్చింది.

సాయంత్రం సీతారామపురం దాటి అడవిలోకి మళ్లి ఘటిక సిద్ధేశ్వరం చేరాం. అక్కడ వచ్చినవాళ్లకి అన్నం పెడతారు. ఎవరివని, ఎక్కణ్ణించని అడగరు. అది అవధూత కాశినాయన నేర్పిన పద్ధతి. ఆయన పుట్టింది ఇదే మండలం బెడుసుపల్లిలో. పిల్లలు చివర్లో ఎంతివ్వాలని ఫోను బయటికి తీశారు. వడ్డించినాయన, "తిన్నారుగా, ఆకులు తియ్యండి" అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు. అన్నం పెట్టేవాడే డబ్బులు తీసుకోవడం లేదు, దారి చూపించేవాణ్ణి నేను తీసుకుంటున్నా అనుకుంటూ పడుకున్నా.

మూడోరోజు ఘాట్. సీతారామపురం నుంచి పోరుమామిళ్లకి కొండ దాటే దారి ఇది, ఇప్పుడు 167బి జాతీయ రహదారి. మా నాయన కాలంలో ఎద్దుల కోసం కడప వైపు సంతలకి ఈ కొండలు దాటి నడిచి పోయేవాళ్లు. పోయేటప్పుడు మొలకి డబ్బు, వచ్చేటప్పుడు చేతిలో పగ్గం. ఆయన చెప్పిన ఒకే ఒక్క జాగ్రత్త, "దిగేటప్పుడు ముందున్నోణ్ణి దాటబాక". పిల్లలకి పొద్దున్నే అదే చెప్పాను. నేను ముందు, మీరు నా వెనక, మలుపులో ఎవరూ నన్ను దాటొద్దు, ఆఖరి బండి అమ్మాయిది. ఆ అమ్మాయి వాళ్లందరికంటే నిదానం, వెనక ఎవరన్నా ఆగిపోతే తను ఆగుతుంది.

మధ్యలో చెక్‌పోస్టు. ఎర్రచందనం అడవి కదా, ఆపి సంచులు చూస్తారు, చూడాలి కూడా. ఆ పెద్ద బండ్లకి అటూ ఇటూ పెట్టెలున్నాయి, ఒక్కోదాంట్లో మేకపిల్ల పడుతుంది. అవి పైపైన చూసి, నా గోతాం మాత్రం కింద కుమ్మరించారు. వేరుశనక్కాయలు రోడ్డంతా దొర్లాయి. పిల్లలు కోపం తెచ్చుకోబోతే నేనే ఆపాను. అందరం కూర్చుని ఏరుకున్నాం, ఆయనకీ గుప్పెడు పెట్టాను.

దిగుడులో నాలుగో మలుపో అయిదో మలుపో, మేకల మంద అడ్డమొచ్చింది. నేను చెయ్యి పైకెత్తి ఆగాను. వెనక ముగ్గురు ఆగారు. నాలుగోవాడు ఫోన్లో టవరు వచ్చిందేమోనని చూస్తున్నాడో ఏమో, ఆలస్యంగా బ్రేకు కొట్టాడు. రోడ్డు పక్క గులకరాళ్ల మీద బండి పక్కకి పడిపోయి జారింది. ఆ చప్పుడు ఇంకా చెవిలో ఉంది. నేను స్టాండు వెయ్యకుండానే బండి వదిలేసి పరిగెత్తాను, నా స్ప్లెండరు కూడా పడింది. అబ్బాయికి మోచెయ్యి చిప్ప కింద గీరుకుంది, అంతే. లేచి నవ్వుతున్నాడు. నాకు కాళ్లు వణికి కూర్చుండిపోయాను.

ఇది మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఊరికే దారి చూపించి ఉంటే, పడ్డవాడి గురించి అయ్యో అనుకుంటాం. రోజుకి రెండు వేలు తీసుకున్నాక ఆ పిల్లాడు నా చేతిలో పెట్టిన పిల్లాడు. వాళ్లమ్మ ఎవరో నాకు తెలియదు, ఆమె నన్ను అడుగుతున్నట్టే అనిపించింది. రాత్రి ఘటిక సిద్ధేశ్వరంలో డబ్బు సంగతి తలుచుకుని సిగ్గుపడ్డా కదా, ఆ సిగ్గు అక్కడే పోయింది. ఇది ఊరికే తీసుకునే డబ్బు కాదు.

బండికి క్లచ్ లివరు విరిగింది. గేరు మార్చకుండా నిదానంగా దింపుకుని పోరుమామిళ్ల చేరాం. మెకానిక్కు, ఆ కంపెనీ లివరు తన దగ్గర లేదు, తెప్పించాలి, రెండు గంటలు అన్నాడు. రెండు గంటలు ఏం చేస్తాం, చెరువు చూద్దామన్నాడు ప్రొద్దుటూరు అబ్బాయి. వాళ్లందరిలో తెలుగు చక్కగా చదివేది వాడే.

పోరుమామిళ్ల చెరువు మీలో ఎంతమంది చూశారో. కట్ట మీద నిలబడితే అవతలి ఒడ్డు కోసం కళ్లు చికిలించాలి. 1369లో కట్టించారు. కట్టించింది బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు. ఆయన ఉండింది ఎక్కడనుకున్నారు? మా ఉదయగిరి కొండ మీద. నిన్న నేను ఎక్కలేక సగంలో కూర్చున్న కొండ మీదినుంచి ఏలుతూ, కొండలకి ఇవతల చెరువు కట్టించాడు. రోజుకి వెయ్యిమంది మనుషులు, తూముకీ కట్టకీ రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని శాసనంలో రాయించాడు. దానం చేశాను, పుణ్యం వచ్చిందని రాసి ఊరుకోలేదు. చెరువు ఎలా ఉండాలో కూడా రాయించాడు. పన్నెండు ఉండాల్సినవి, ఆరు ఉండకూడనివి.

ఆ అబ్బాయి ఫోన్లో వెతికి ఒక్కొక్కటే తెలుగులో చెబుతుంటే కట్ట మీద కూర్చుని విన్నాను. పన్నెండింటిలో నీళ్ల శాస్త్రం తెలిసిన మనిషి ఉండాలని ఉంది, గట్టి బంకనేల ఉండాలని ఉంది, దగ్గర్లో రాతిగని ఉండాలని, పని తెలిసిన కూలీలుండాలని ఉంది. ఇవన్నీ బాగున్నాయనుకుంటూ విన్నా. తర్వాత ఆరు దోషాలు. కట్ట నుంచి నీళ్లు ఊరడం ఒకటి. చవిటి నేల ఒకటి. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఒకటి (ఇది విని అందరం నవ్వాం, ఇప్పటికీ నీళ్ల తగాదాలన్నీ అక్కడే కదా). చెరువు మధ్యలో మిట్ట ఉండటం ఒకటి. నీళ్లు ఎక్కువై నేల తక్కువ కావడం ఒకటి.

ఇంకొకటి, నీళ్లు తక్కువై తడపాల్సిన నేల ఎక్కువ కావడం.

అది విన్నాక నేను నవ్వలేదు. 2013లో నిమ్మ పెట్టినప్పుడు రెండున్నర ఎకరాలు ఒకేసారి పెట్టాను, 270 చెట్లు. అప్పుడు 280 అడుగుల బోరు బాగా పోసేది. ఒక ఎకరాకి చాలు అని బోరు వేసినాయనే చెప్పాడు. చాలకపోతే ఇంకోటి వేద్దాంలే అనుకున్నా. ఆ ఇంకోటే మూడయింది, నాలుగోది మూట కడుతున్నా. తప్పు బోరుది అనుకున్నా, వానది అనుకున్నా, వెలిగొండ సొరంగం నీళ్లు రాకపోవడంది అనుకున్నా. ఆ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేసినప్పుడు నాకు పాతికేళ్లు, మా ఉదయగిరి పేరు కూడా అందులో ఉంది, ఆ నీళ్ల కోసం ఇన్నేళ్లు చూస్తూనే ఉన్నా. కానీ నా తోటలో తప్పు నాది. 650 ఏళ్ల కిందటే రాయి మీద చెక్కి పెట్టారు.

పిల్లలకి ఇవేమీ చెప్పలేదు. లివరు వచ్చింది, బిగించారు. బద్వేలులో భోజనం చేసి, ముంబై రోడ్డులో రెండోసారి కొండ దాటి పొద్దుగుంకే వేళకి మర్రిపాడు వైపు దిగాం. ఆ ఘాట్ వెడల్పు రోడ్డు, లారీలు తప్ప చెప్పేదేం లేదు. ఆత్మకూరులో విడిపోయాం. పడ్డ అబ్బాయి నా కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు, పెట్టనివ్వలేదు. ఫోన్‌పేలో ఎనిమిది వేలు పడ్డాయి. రెండు వేలు తిరిగి పంపితే, నా స్ప్లెండరు ఇండికేటరు పగిలింది కదా అని మళ్లీ పంపారు. ఇండికేటరు నూట యాభై. మిగతాది ఉంచుకున్నా.

ఇంటికొచ్చి మూడోరోజు మావాడికి ఫోను చేశాను. "నాలుగో బోరు వెయ్యడం లేదురా. పొలం అమ్మడం కూడా లేదు. పైన ఎకరన్నర చెట్లు తీసేస్తున్నా" అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "అమ్మకి చెప్పావా?" అన్నాడు. చెప్పలేదు. చెప్పాక రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ చెట్లకి మొదటి రెండేళ్లు బిందెలతో నీళ్లు మోసింది ఆమే. కొట్టే రోజు రంపం మిషను చప్పుడుకి తలుపేసుకుని ఇంట్లో కూర్చుంది. సాయంత్రం వచ్చి, మొదళ్ల దగ్గర రాలిన పండుకాయలు ఏరి ఒళ్లో పోసుకుంది. "ఊరగాయ పెడతా" అంది. అప్పుడు మాట్లాడింది.

దించిన పది పన్నెండు రోజులు నేను చేసిన పని ఇదే. 110 చెట్లు ఉంచాను, బోరుకి దగ్గరివి. అంగుళం నీళ్లు వాటికి డ్రిప్పులో వారానికి రెండు తడులు వస్తున్నాయి, ఆకు మళ్లీ నిండు పచ్చకి తిరుగుతోంది. ఎండాకాలం కాయకి ధర ఉంటుంది కాబట్టి అప్పటిదాకా కాపాడుకోవాలి. తీసేసిన ఎకరన్నరలో వానలకి కంది, సజ్జ. కట్టె కావాల్సినవాళ్లు చెప్పండి, నిమ్మకట్టె గట్టిగా మండుతుంది.

ఆ పిల్లల స్నేహితులు ఇంకో ఆరుగురు ఫిబ్రవరిలో వస్తామని అడిగారు. రమ్మన్నాను. మలుపుల్లో నన్ను దాటేవాళ్లని వెంట పెట్టుకోనని, చివరి బండి నడిపే మనిషి ఎవరో ముందే చెప్పాలని మెసేజీ పెట్టాను. హెల్మెట్టు ఈసారి నాదే కొనుక్కున్నా, బెల్టు ఉన్నది.