సబ్బుల కొలువు, సినిమా చదువు

మా నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఏ పిల్లగాణ్ని పట్టుకొని పెద్దయ్యాక ఏమైతవురా అని అడిగినా టీచరంటాడు, పోలీసంటాడు, ఇప్పుడైతే సాఫ్ట్‌వేరంటాడు. "అడ్వర్టైజింగుల చేరుత" అన్నవాణ్ని మీరెప్పుడైనా చూశారా? నేనైతే చూడలేదు. పొరపాటున అన్నా ఇంట్లో ఊరుకోరు. "గింత సదువు సదివి గోడలకు రంగులేస్తవా బిడ్డా?" అని అమ్మ నెత్తి కొట్టుకుంటుంది.

అమ్మనేమీ అనలేం. మన దగ్గర ప్రకటన అంటే ముందు గుర్తొచ్చేది గోడే కదా. బస్సు ఊళ్లోకి మళ్లగానే సిమెంటు, విత్తనాలు, వాటి పక్కన జిందా తిలిస్మాత్. 1920లో హైదరాబాదులో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టిన మందు అది. దాని గుర్తు ఆఫ్రికా సిపాయి బొమ్మ. అక్షరం ముక్క రానివాళ్లు కూడా ఆ బొమ్మను చూసే సీసా కొనుక్కుపోవచ్చు. ఇంతకంటే తెలివైన ప్రకటన ఏ ఏజెన్సీ చేస్తుంది చెప్పండి!

అసలీ ప్రకటనల కొలువులోకి చిన్నప్పటి నుంచీ కలలు కని వచ్చినవాళ్లు అరుదేమో. ప్రకటనల రంగంలో పేరుమోసిన పీయూష్ పాండే తేయాకు రుచి చూసే ఉద్యోగం చేసి, 1982లో ఒగిల్వీ ఏజెన్సీలో చేరారు. సినిమా దర్శకుడు సత్యజిత్ రాయ్ 1943లో నెలకు 80 రూపాయలకు కలకత్తాలో డి.జె. కీమర్ ప్రకటనల కంపెనీలో బొమ్మలు వేశారు. సరే, వాళ్లు దూరపువాళ్లు. మన సినిమా దర్శకుడు శ్యామ్ బెనెగల్ సంగతి చూద్దాం.

ఇంట్లో కొంకణి మాట్లాడినా ఆయన మన గాలి పీల్చి పెరిగినవారే. 1934లో సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టారు. తండ్రి ఫొటోగ్రాఫర్. ఆయన ఇచ్చిన కెమెరాతో పన్నెండేళ్లకే ఓ సినిమా తీసేశారు. ఉస్మానియాలో ఎకనామిక్స్ ఎం.ఏ. చదువుతూ హైదరాబాద్ ఫిల్మ్ సొసైటీ పెట్టారు. మనసంతా సినిమా మీదే. బొంబాయి వెళ్లాక కడుపు నింపింది మాత్రం సబ్బుల కంపెనీ లీవర్ వాళ్ల ఏజెన్సీ లింటాస్. 1959లో అక్కడ కాపీరైటర్‌గా చేరారు.

కాపీరైటర్ అంటే ఏం లేదండీ, అమ్మే సరుకు గురించి నాలుగు ముక్కలు రాసేవాడు. ఆ నాలుగు ముక్కల నుంచి ప్రకటన చిత్రాల దాకా ఎదిగారు బెనెగల్. ప్రకటనలూ, డాక్యుమెంటరీలూ కలిపి 900 పైచిలుకు తీశారని చెబుతారు. ఇంకొకడి సొమ్ముతో అన్నిసార్లు కెమెరా ఆడించే అదృష్టం ఏ సినిమా బడి ఇస్తుంది? పైగా అర నిమిషంలో కథ ముగించాలి. పోచంపల్లిలో చిటికి కట్టడం చూశారా? నేతకు ముందే నూలును ముడులు కట్టి రంగులో ముంచుతారు. మగ్గమెక్కక ముందే చీర మొత్తం నేతగాడి మనసులో ఉండాలి. ప్రకటన చిత్రమూ అంతే, షూటింగుకు ముందే ప్రతి క్షణం లెక్క తేలాలి.

ఇక అసలు తమాషా వినండి. కాలేజీ రోజుల్లో అల్లుకున్న 'అంకుర్' కథ పట్టుకొని ఆయన ఏళ్ల తరబడి తిరిగారు. తెలంగాణ దొర, పనిమనిషి కథకు డబ్బులెవరు పెడతారు? చివరికి పెట్టింది బ్లేజ్ వాళ్లు. సినిమా హాళ్లలో ప్రకటన చిత్రాలు వేయించే వ్యాపారం వాళ్లది. బెనెగల్ పనితనం వాళ్లకు కొత్తగా చెప్పాలా? అలా 1974లో 'అంకుర్' బయటికొచ్చింది. మరుసటి ఏడు మన దొరల దౌర్జన్యం మీదే 'నిశాంత్'. 1987లో 'సుస్మన్' కోసం అప్పటి మా నల్లగొండ జిల్లా పోచంపల్లి నేతగాళ్ల కథ ఎత్తుకున్నారు. ఓంపురి అందులో మగ్గం ముందు కూర్చున్న రాములు. సరుకును ఊరించి అమ్మడం నేర్చిన మనిషి, ఆ సరుకు వెనక నలిగే చేతుల వైపు కెమెరా తిప్పారు. నాకు ఆయనలో నచ్చేది ఇదే. సబ్బుల కొలువును చిన్నచూపు చూడలేదు, అక్కడే ఆగిపోనూ లేదు.

బొమ్మల కొలువుకు ఇంకో సాక్ష్యం కావాలంటే, అప్పటి మా జిల్లాలోనే కదిరేనిగూడెం నేతింటి బిడ్డ, చిత్రకారుడు ఏలె లక్ష్మణ్ ఉన్నారు. పుస్తకాల అట్టలకు బొమ్మలు వేసిన ఆ చేయే 2014లో తెలంగాణ రాజముద్ర గీసింది. ఇప్పుడది సర్కారు కాగితాల మీద కనిపిస్తుంది.

ఇంతకీ చెప్పొచ్చేదేంటంటే, సూర్యాపేటలోనో వనపర్తిలోనో మీ పిల్లగాడు చదువు పక్కన పెట్టి ఎదురింటి కిరాణం దుకాణానికి ఫ్లెక్సీ డిజైన్ చేస్తుంటే వెంటనే తిట్టకండి. ఎంతకు మాట్లాడుకున్నావురా అని అడగండి. ఊరికే చేస్తున్నా అంటే, అప్పుడు తిట్టండి.