ఒకే మీట, రెండు అక్షరాలు

గత సంవత్సరం మేము పంపిన వ్రాతప్రతులను ఇతరులు టైపు చేయగా తప్పులు దొర్లినవి, వారిని నిందించాము. ఈసారి స్వయంగా టైపు చేయాలని ఆటగాళ్ళకై తయారైన తీగలేని మెకానికల్ కీబోర్డు తెప్పించుకున్నాము. బీర్కూరులో ఒక సాయంకాలం అరుగు మీద పెట్టె విప్పాము. మా ఇద్దరిలో ఒకరి మాతృభాష తెలుగు, మరొకరిది ఉర్దూ.

ప్రతి మీట క్రింద వేరుగా స్ప్రింగు ఉన్నది. నొక్కిన సంగతి వ్రేలికి స్పష్టంగా తెలుస్తున్నది. బరువు ఎక్కువ, చప్పుడు మరీ ఎక్కువ. రాత్రివేళ ఇంటివారికి నిద్రాభంగమైనది. తీగ లేకున్నను ఛార్జింగు తప్పదు.

మీటలపై అన్నీ ఆంగ్లాక్షరాలే. అయితే 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు లిపికి, ఉర్దూ వ్రాసే అరబ్బీ లిపికి చోటు లభించినది. కంప్యూటరులో ఇన్‌స్క్రిప్ట్ అమరికను ఎంచుకొనగా అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు అధికంగా కుడిచేతికి వచ్చినవి. 'కె' మీట నొక్కితే 'క' పడినది. ఉచ్చారణను అనుసరించే ఉర్దూ అమరికలో అదే మీట 'కాఫ్' అయినది. ఒక వ్రాత కుడికి, మరొకటి ఎడమకు సాగినది.

కాగితపు ముక్కలపై రెండు లిపులూ వ్రాసి మీటలకు అంటించాము. సోదర విద్యార్థులారా! వస్తువు మంచిదే, మా వ్రేళ్ళకే ఇంకను అభ్యాసం కావలెను. ఈ పుటలలో తప్పులున్న యెడల అవి మావే.