భయం మిషనుతో కాదు... చెట్టుతో!

తుపాను వెలిసిన మర్నాడు కోస్తా పల్లెల్లో అన్నిటికన్నా ముందు వినిపించే చప్పుడేమిటో తెలుసా? టీవీ కాదు, కరెంటు ఉండదు. బస్సు హారను కాదు, దారే ఉండదు. గుర్రుమంటూ చెట్లు కోసే రంపం మిషను! 2014లో హుద్‌హుద్ విశాఖను కుదిపేసినప్పుడూ, 2018లో తిత్లీ ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడూ అడ్డంగా పడిన చెట్లను కోసి దారులు తెరిచింది ఈ మిషన్లే. అంబులెన్సు వెళ్లాలన్నా, మంచినీళ్ల ట్యాంకరు రావాలన్నా ముందు అవి మోగాల్సిందే.

ఒకప్పుడు అవి ఎన్‌డీఆర్‌ఎఫ్ దళాల దగ్గరో, కలప కోసేవాళ్ల దగ్గరో కనిపించేవి. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో ఓ మీట నొక్కితే ఇంటి గుమ్మంలోకి వచ్చేస్తున్నాయి. స్కూటరు నడపాలంటే లైసెన్సు చూపించమంటారు. దీన్ని నడపడం నీకు వచ్చా అని అడిగేవాళ్లే లేరు. మా అత్తగారు అడిగారు!

వాళ్లది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఓ పల్లె. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తీరం దాటింది. దారులు కాస్త తెరుచుకున్నాక మేం హైదరాబాద్ నుంచి వెళ్లేసరికి మామగారు నాటిన కొబ్బరితోటలో నిలబడి ఉన్న చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడున్నాయి. పెరట్లో పనసచెట్టు వేళ్లతో సహా లేచిపోయింది. కోసేవాళ్ల కోసం కబురు పెడితే పది రోజులు ఆగమన్నారు. ఊరంతా అదే పరిస్థితి మరి.

మా మరిది ఆగలేదు. అప్పు చేసి పలాస వెళ్లి మిషను కొనుక్కొచ్చాడు. తెచ్చిన సాయంత్రమే లుంగీ ఎగ్గట్టి, రబ్బరు చెప్పులతో తోటలోకి బయల్దేరాడు. అత్తగారు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నారు. ‘‘సెట్లు పోయాయి సరే. నీ కాళ్లూ చేతులూ కూడా పోగొట్టుకుంటావేట్రా? మా అన్నయ్య దగ్గర నేర్చుకో. అప్పటిదాకా దాన్ని ముట్టుకోవద్దు’’ అన్నారు.

ఆ అన్నయ్య ఆవిడకి వరసకి అన్నయ్య. మా ఆయనకీ మరిదికీ మావయ్య, నాకు పెదనాన్న అవుతారు. ఇరవై ఏళ్లుగా సరుగుడు, జీడి తోటల్లో చెట్లు కోసిన చెయ్యి. వచ్చీ రాగానే ఒకటే మాటన్నారు.

‘‘ఒరే అల్లుడా, మిషను సెప్పినట్టు ఇంటాది. పడిపోయిన సెట్టు ఇనదు. దాన్ని సూసి భయపడు.’’

ఆ మూడు రోజులూ నేను నోటు పుస్తకం పట్టుకుని వాళ్ల వెనకే తిరిగాను. ఇంటికో మిషను వస్తున్న రోజులు కాబట్టి ఆయన చెప్పింది మీకూ చెప్పాలనిపించింది.

తాడు లాగేముందు

మొదటి రోజు పెదనాన్న మిషను స్టార్టే చెయ్యనివ్వలేదు. ముందు వేషం మార్పించారు. మందపాటి ప్యాంటు, బూట్లు, గ్లౌజులు, జాలీ ఉన్న హెల్మెట్, చెవులకు మఫ్‌లు. ఈ మిషను మోత వంద డెసిబెల్స్ దాటుతుంది, రోజూ వింటే చెముడు ఖాయం. కాళ్లకు కట్టుకునే ప్రత్యేకమైన తొడుగులూ ఉంటాయి. వాటి లోపల పొడవాటి దారాలు పొరలు పొరలుగా ఉంటాయి. చైను తగిలితే ఆ దారాలు బయటికొచ్చి చుట్టుకుపోయి, దాన్ని అక్కడికక్కడ ఆపేస్తాయి. చైనులో చీర కుచ్చిళ్లు ఇరుక్కుంటే ఏమవుతుందో అలాగన్నమాట. లుంగీ, తువ్వాలు, చున్నీ... వేలాడేది ఏదీ దగ్గర ఉండకూడదు.

తర్వాత పెట్రోలు. ఇది టూ స్ట్రోక్ ఇంజన్. ఉత్త పెట్రోలు పోస్తే లోపల అరిగి బిగుసుకుపోతుంది. టూ స్ట్రోక్ ఆయిలు కలపాలి. ఎంతన్నది మిషనుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. 50:1 అని ఉంటే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు, 25:1 అని ఉంటే 40. ‘‘పప్పులో ఉప్పులాగా కంటిచూపుతో వెయ్యకూడదన్నమాట’’ అన్నారు అత్తగారు గుమ్మం దగ్గర నుంచి. చైను ఆయిలు వేరు, దాని ట్యాంకు వేరు. పెట్రోలు నింపిన ప్రతిసారీ అదీ నింపాలి. ఇంజను వేడిగా ఉండగా పెట్రోలు పొయ్యకూడదు. పోసిన చోట స్టార్టూ చెయ్యకూడదు, నాలుగడుగులు పక్కకు జరగాలి.

చైను బిగువు కూడా ముఖ్యమే. బారు కింద వేలాడకూడదు, గ్లౌజు వేసుకున్న చేత్తో లాగితే సాఫీగా తిరగాలి. వేడికి సాగుతుంది కాబట్టి మధ్యమధ్యలో చూసుకోవాలి. వేడిగా ఉన్నప్పుడు బిగిస్తే పని అయ్యాక వదులు చెయ్యాలి. లేకపోతే చల్లారాక కుంచించుకుపోయి బారునీ ఇంజన్నీ పాడు చేస్తుంది.

స్టార్ట్ చేసేటప్పుడు మిషన్ని నేలమీద పెట్టి, చైను బ్రేకు వేసి, వెనక పిడిలో కుడికాలి బూటు ముందుభాగం ఉంచి తాడు లాగాలి. సినిమాల్లో విలన్లలాగా గాల్లో ఊపుతూ లాగితే, ఆ ఊపులో అది ఎటు వెళ్తుందో దేవుడికే తెలియాలి.

కనురెప్ప పడేలోపు...

రెండో రోజు కోత మొదలైంది. ఎడమచెయ్యి ముందు పిడి మీద, కుడిచెయ్యి వెనక పిడి మీద. ఎడమచేతి వాటం వాళ్లయినా ఇంతే. ముందు పిడిని బొటనవేలు కిందనుంచి చుట్టి పట్టుకోవాలి. మిషన్ని భుజం ఎత్తు దాటించకూడదు. నిచ్చెన ఎక్కి కొయ్యకూడదు.

ఎందుకింత పట్టింపు? బారు కొనలో పైసగం చాలా ప్రమాదకరం. చైను అక్కడ మలుపు తిరుగుతుంది. ఆ భాగం గట్టి కొయ్యకు తగిలిందంటే, పన్ను దిగబడి, బారు మొత్తం కోసేవాడి ముఖంమీదికి లేస్తుంది. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. ఇదంతా జరగడానికి సెకనులో పదోవంతు చాలు. ‘జాగ్రత్తగా ఉంటాలే, తప్పుకుంటాలే’ అనుకోవడానికి లేదు, ఏ మనిషీ అంత వేగంగా కదల్లేడు. అందుకే బారుకు సూటిగా నిలబడకుండా కాస్త పక్కకు నిలబడాలి. ముందు పిడి దగ్గరున్న రేకులాంటి బ్రేకు పనిచేస్తోందో లేదో రోజూ పనికి ముందే చూసుకోవాలి.

పురుగు నేర్పిన పదును

‘పదునైన రంపం ప్రమాదం’ అనుకుంటాం. మొద్దుబారిన రంపమే ఎక్కువ ప్రమాదం. కొయ్యకపోతే మనిషి బలం పెట్టి నొక్కుతాడు. చేతులు అలిసిపోతాయి, పట్టు జారుతుంది. ఇది తెలుసుకోవడానికి మిషను అక్కర్లేదు, మన వంటింటి కత్తిపీట చాలు.

ఇప్పటి చైను పన్ను వెనక ఓ కథ ఉంది. 1946లో అమెరికాలోని ఒరెగాన్ అడవుల్లో జోసెఫ్ బుఫర్డ్ కాక్స్ అనే కలప కార్మికుడు ఓ మోడులో పురుగు కొయ్యను తొలిచేయడం గమనించాడు. దాని దవడలు కుడికీ ఎడమకీ కదులుతూ కొయ్యను నిలువుగానూ అడ్డంగానూ కోసేస్తున్నాయి. అదే పోలికతో కుడివైపు ఒక పన్ను, ఎడమవైపు ఒక పన్ను ఉండే చైను తయారుచేశాడు. నేటి చైన్లకు ఆ పన్నే మూలం.

పదును తగ్గిందని ఎలా తెలుస్తుంది? పదునున్న చైను కొయ్యను చిన్నచిన్న పెచ్చులుగా విసురుతుంది. పిండిలాంటి పొట్టు రాలుతోందంటే ఆకురాయి తియ్యాల్సిందే. చైను సైజుకు సరిపోయే గుండ్రటి ఆకురాయి కావాలి. లోపలినుంచి బయటికి, ఒకే వైపు తొయ్యాలి, వెనక్కి రాకూడదు. మొదటి పన్నుకు మూడుసార్లు రుద్దితే అన్నిటికీ మూడే. ఒకవైపు పళ్లు ఎక్కువ అరిగితే కోత వంకర పోతుంది. ఉద్దానంది ఇసుక నేల. కోస్తూ కోస్తూ చైను ఒక్కసారి నేలకు తగిలిందా, పదును హుళక్కి! అందుకే పెదనాన్న దుంగ కింద మరో మొద్దు దూర్చాకే కోసేవారు.

కర్ర చెప్పిన పాఠం

పెదనాన్న అసలు పాఠం ఓ పచ్చి కర్రతో చెప్పారు. దాన్ని మోకాలి మీద విల్లులా వంచి, ‘‘ఎటేపు సాగింది? ఎటేపు నలిగింది?’’ అని అడిగారు. పైకి ఉబ్బినవైపు సాగింది, లోపలివైపు నలిగింది. సాగినవైపు కత్తి పెట్టగానే కర్ర టప్పున విరిగి ఎగిరింది. ఇంకో కర్ర వంచి నలిగినవైపు పెడితే కత్తినే పట్టేసింది.

పడిపోయిన చెట్టూ అంతే. రెండు కొసలూ ఎత్తుమీద ఆని నడుం కిందికి వేలాడుతుంటే, పైన నలుగుతుంది, కింద సాగుతుంది. ముందు పైనుంచి మూడోవంతు లోతు కోసి, మిగతాది కిందనుంచి కొయ్యాలి. ఒక కొసే ఆని, రెండోది గాల్లో ఉంటే లెక్క తిరగబడుతుంది. ముందు కింద మూడోవంతు, తర్వాత పైనుంచి. అందుకే పెదనాన్న ప్రతి చెట్టు చుట్టూ ఓ ప్రదక్షిణ చేసిగానీ తాడు లాగేవారు కాదు. బరువెక్కడుంది, పైన ఏం వేలాడుతోంది, తప్పుకోవడానికి దారెటు... ఇవన్నీ చూసేవారు. కరెంటు తీగ మీద పడిన చెట్టు దగ్గరికైతే వెళ్లనే వెళ్లలేదు. కరెంటువాళ్లు వచ్చి సరఫరా ఆపామని చెప్పాకే ముట్టుకున్నారు.

మా పెరట్లో పనసచెట్టు లేచిపోయిన చోట పెద్ద గొయ్యి పడింది. మా అబ్బాయీ వాడి స్నేహితులూ అందులో దాగుడుమూతలు ఆడుతున్నారు. అది చూసి పెదనాన్న వేసిన కేకకు వీధి వీధంతా బయటికొచ్చింది. కారణం తర్వాత చెప్పారు. మానును కోసేయగానే బరువు పోయి, పైకి లేచిన వేళ్ల గడ్డ మళ్లీ గోతిలోకి పడిపోవచ్చట. అప్పుడు అందులో ఎవరుంటే వాళ్లు దానికింద సమాధే. ఆ రాత్రి నేను వాడిని పక్కలోంచి కదలనివ్వలేదు.

మొరాయిస్తే...

మధ్యలో మిషను అలిగిన సందర్భాలూ ఉన్నాయి. వాటికి పెదనాన్న వైద్యం ఇదీ.

స్టార్టు కాకపోతే ప్లగ్గు విప్పి చూడాలి. తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగినట్టు. తుడిచి ఆరబెట్టి, చోక్ తీసేసి లాగాలి. నెలల తరబడి నిలవున్న పెట్రోలు అయితే పారబోసి కొత్తది కలుపుకోవాలి. ఎక్సలేటరు ఇవ్వగానే ఆగిపోతుంటే మొదట ఎయిర్ ఫిల్టరు, తర్వాత పెట్రోలు ఫిల్టరు చూడాలి. కోసేచోట పొగ వస్తుంటే ఒకటి పదును పోయింది, లేదా చైను ఆయిలు అందడం లేదు. ఎక్సలేటరు వదిలేసినా చైను తిరుగుతూనే ఉంటే వెంటనే ఆపేసి మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్లాలి, ఆ మిషనుతో ఇక ఒక్క కొమ్మ కూడా కొయ్యకూడదు. ఏం విప్పాలన్నా, పదును పెట్టాలన్నా ముందు ఇంజను ఆపాలి. పెట్రోలు మిషనయితే ప్లగ్గు క్యాపు, బ్యాటరీదైతే బ్యాటరీ తీసేయాలి.

ఆ ఒక్క ‘టక్’

మూడో రోజు సాయంత్రం. వెలుగు తగ్గుతోంది. ‘‘ఇదొక్కటీ అయిపోతే ఈ వరస పూర్తయిపోద్ది మావయ్యా’’ అన్నాడు మరిది. పొద్దున్నించీ కోస్తున్నాడు, మోచేతులు వణుకుతున్నాయి. కోస్తున్న దుంగ వెనకాల, ఆకుల్లో ఇంకో మొద్దు ఉంది. బారు కొన దానికి తగిలింది. మిషను ఒక్కసారిగా పైకి లేచింది. ‘టక్’మని బ్రేకు పడింది. చైను ఆగిపోయింది. బారు వాడి భుజం పక్కనుంచి గాల్లోకి చూస్తూ నిలబడింది.

వాడు పక్కకు నిలబడ్డాడు కాబట్టి సరిపోయింది. బొటనవేలు పిడిని చుట్టి ఉంది కాబట్టి మిషను చేతుల్లోనే ఉంది. పొద్దున బ్రేకు చూసుకున్నాడు కాబట్టి అది పడింది. మూడు రోజులుగా ఎందుకీ చాదస్తం అనుకున్నవన్నీ ఆ ఒక్క క్షణంలో అక్కరకొచ్చాయి.

పెదనాన్న తిట్టలేదు. మిషను అందుకుని ఆఫ్ చేసి, ‘‘ఈ పూటకి సాలు’’ అన్నారంతే. అత్తగారికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. కానీ ఆ రాత్రి అన్నం పెడుతూ కొడుకు చేతులకేసి చూస్తూనే ఉన్నారు.

తోట ఖాళీ చెయ్యడానికి నెల పట్టింది. ఆ ఖాళీలో కొత్త మొక్కలు నాటారు. ఇప్పుడు తుపాను హెచ్చరిక వినగానే మరిది ముందు మిషను బయటికి తీస్తాడు. పాత పెట్రోలు పారబోస్తాడు, ఆకురాయి పడతాడు, బ్రేకు చూస్తాడు. ఊళ్లో ఎవరింటి మీద చెట్టు పడినా వాడికే కబురు. వెళ్లగానే మిషను కింద పెట్టి, చెట్టు చుట్టూ నెమ్మదిగా ఓసారి తిరిగొస్తాడు. కొత్తవాళ్లు చూసి, ‘కొయ్యబోయేముందు చెట్టుకు దణ్ణం పెట్టుకుంటున్నాడు, ఎంత భక్తో!’ అనుకుంటారట. వాడు కాదని చెప్పడు.