ఆ 88వ నిమిషం ఎవరిది?

హైదరాబాద్ ఎఫ్‌సీని దూరం నుంచి ప్రేమించిన ఢిల్లీ తెలుగువాళ్ల దగ్గరికి క్లబ్బే నడిచొచ్చింది. కానీ పేరు మార్చుకుని వచ్చింది.

అది 2022 మార్చి 20, ఆదివారం రాత్రి. నోయిడాలోని ఒక అద్దె ఫ్లాట్‌లో నలుగురు తెలుగు మిత్రులు టీవీ ముందు కూర్చున్నారు. హోలీ వెళ్లి రెండు రోజులైనా ఒకరి చెవి వెనక గులాబీ రంగు ఇంకా వదల్లేదు. గోవాలోని ఫతోర్దా స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ నడుస్తోంది. హైదరాబాద్‌పై కేరళ బ్లాస్టర్స్ 1-0తో ఆధిక్యంలో ఉంది. 68వ నిమిషంలో రాహుల్ కేపీ కొట్టిన గోల్‌తో గదిలో మాటలు ఆగిపోయాయి. ఓటమి ఖాయమనుకుని ఒకరు అన్నం వార్చడానికి వంటింట్లోకి వెళ్లారు.

ఆయన అక్కడ ఉండగానే 88వ నిమిషం వచ్చింది. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన సాహిల్ తవోరా పెనాల్టీ బాక్స్ బయటి నుంచి బంతిని గాల్లోనే అందుకుని కొట్టాడు. 1-1. అరుపులకు కింది ఫ్లాటాయన పైకొచ్చి తలుపు తట్టాడు. ఐపీఎల్ మొదలు కావడానికి ఇంకా ఆరు రోజులుందే, ఇవాళ మ్యాచ్ ఏముందని ఆయన సందేహం. ఫుట్‌బాల్ అని చెబితే నమ్మలేనట్టు చూసి, నిలబడే పెనాల్టీ షూటౌట్ దాకా చూశాడు.

షూటౌట్ మొత్తం గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమనిదే. మూడు పెనాల్టీలు ఆపాడు. నిషూ కుమార్ కొట్టినదాన్నయితే రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. మొదటిసారి గీత దాటి ముందుకొచ్చాడని రిఫరీ మళ్లీ కొట్టించాడు. అదీ ఆపాడు. చివరికి హలిచరణ్ నర్జారీ బంతిని నెట్‌లోకి పంపడంతో 3-1తో కప్పు హైదరాబాద్‌దయింది. వంటింట్లో అన్నం మాడిపోయింది.

ఆ నలుగురికి ఆ గెలుపు అంత తీపి కావడానికి కారణం రెండేళ్ల ముందటి చేదు. మూతపడిన పుణె క్లబ్బు స్థానంలో 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. తొలి సీజన్‌లో 18 మ్యాచ్‌లు ఆడి గెలిచింది రెండే. 10 పాయింట్లతో పది జట్లలో పదో స్థానం. ఆఫీసులో బెంగాలీ, మలయాళీ సహోద్యోగులకు అంతకు మించిన వినోదం లేకపోయింది. తర్వాత స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చారు. మరుసటి సీజన్‌లో జట్టు ఐదో స్థానానికి ఎగబాకింది. ఆ తర్వాతి సీజన్‌లో నైజీరియా ఆటగాడు బార్తలోమ్యూ ఓగ్బెచె ఒక్కడే 18 గోల్స్ చేశాడు. అట్టడుగు నుంచి కప్పు దాకా రావడానికి రెండేళ్లే పట్టింది.

ఆ రెండేళ్లలో ఇంకో విచిత్రం ఉంది. కోవిడ్ వల్ల లీగ్ మొత్తాన్నీ గోవాలోనే ఆడించారు. గచ్చిబౌలి స్టేడియం ఖాళీగా ఉంది. అంటే హైదరాబాద్‌లో ఉన్నవాడికీ నోయిడాలో ఉన్నవాడికీ జట్టు ఒకే దూరంలో ఉంది. ఊరు వదిలొచ్చినవాడికి సొంత జట్టుపై సమాన వాటా దొరికిన కాలం అది. ఫైనల్ రోజు స్టాండ్లన్నీ పసుపురంగులో మునిగిపోయాయి. అయితే ఆ పసుపు కేరళ అభిమానులది. లీగ్‌లో పైస్థానం దక్కించుకున్నందుకు మైదానంలో పసుపు జెర్సీ మాత్రం హైదరాబాద్‌కు దక్కింది. పట్టుమని పదిమంది తెలుగువాళ్లయినా కనిపించని స్టేడియంలో, కేరళ పసుపు మధ్య, తమ పసుపును వెతుక్కుంటూ చూసిన మ్యాచ్ అది.

ఆ వైభవం ఎంతోకాలం నిలవలేదు. 2023లో మార్కెజ్ గోవా జట్టుకు వెళ్లిపోయారు. 2023-24లో జీతాలు అందక ఆటగాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. కొత్తవారిని తీసుకోకుండా ట్రాన్స్‌ఫర్ నిషేధం పడింది. కుర్రాళ్లతో నెట్టుకొచ్చిన జట్టు 22 మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచి మళ్లీ అట్టడుగుకు చేరింది. 2024లో క్లబ్బు బీసీ జిందాల్ గ్రూపు చేతికి వెళ్లింది. 2025 అక్టోబర్‌లో ఆ వార్త వచ్చింది. హైదరాబాద్ ఎఫ్‌సీ ఇక లేదు. అది ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

నోయిడా మిత్రుల మధ్య అప్పుడు మొదలైన వాదన ఇంకా తెగలేదు. ఒకరిది కోపం. కంపెనీ ఆఫీసును మార్చినట్టు క్లబ్బును మారుస్తారా అని. ఊరు లేని క్లబ్బు ఆయన దృష్టిలో క్లబ్బే కాదు. మరొకరిది కాస్త ఇబ్బందికరమైన ప్రశ్న. జీతం కోసం హైదరాబాద్ వదిలి ఢిల్లీ వచ్చిన మనకు, అదే పని చేసిన క్లబ్బును తప్పుపట్టే హక్కు ఎక్కడిది? దీనికి జవాబు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఆ ప్రశ్న వేసినాయనది సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ. తులసీదాస్ బలరాం పుట్టిన ఊరు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్లలో బలరాం ఉన్నారు. ఆయన కూడా 1957లో ఈస్ట్ బెంగాల్‌కు ఆడటానికి కలకత్తా వెళ్లారు. చివరిదాకా బెంగాల్లోనే ఉండి 2023లో కన్నుమూశారు. అమ్ముగూడ మాత్రం ఆయన్ను తనవాడు కాదనలేదు. ఆటగాడు ఊరు మారితే పేరు వెంట తీసుకెళ్తాడు, క్లబ్బు పేరును కూడా వదిలేసి వెళ్లింది అన్నది కోపంగా ఉన్నాయన వాదన. తేడా అక్కడే ఉందంటారాయన.

హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు ఢిల్లీ కొత్త కాదు. స్వాతంత్య్రం వచ్చాక తొలిసారి 1950లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్‌ను మోహన్ బగాన్‌ను ఓడించి గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టే. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. అప్పుడు జట్టు వచ్చి, కప్పు తీసుకుని, ఇంటికి వెళ్లింది. ఈసారి వచ్చిన జట్టు ఇక్కడే ఉండిపోయింది.

అలాగని ఢిల్లీవాళ్లకు ఈ బాధ తెలియనిది కాదు. 2014లో దెల్ పియెరో అంతటివాణ్ని ఆడించిన ఢిల్లీ డైనమోస్ 2019లో మూటాముల్లె సర్దుకుని భువనేశ్వర్ వెళ్లి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఒక ఊరు పోగొట్టుకున్నదాన్ని మరో ఊరి నుంచి తెచ్చి భర్తీ చేయడం దేశంలో క్లబ్బు ఫుట్‌బాల్‌కు అలవాటైపోయింది. కాగితాల మీద ఖాళీ నిండుతుంది. అభిమానుల లెక్కలో రెండు ఊళ్లూ నష్టపోతాయి.

ఆ నలుగురూ మాత్రం ఏటా మార్చి 20న అదే ఫ్లాట్‌లో కలుస్తారు. పాత మ్యాచ్ పెట్టుకుంటారు. ఫలితం తెలిసినా 68వ నిమిషంలో గది నిశ్శబ్దమవుతుంది. ఈమధ్య కింది ఫ్లాటాయన కొడుకు కూడా వస్తున్నాడు. పదేళ్లవాడు, ఇప్పుడు ఢిల్లీ జట్టు అభిమాని. మీది ఏ రంగని అడిగాడు. పసుపన్నారు. స్టాండ్ల నిండా పసుపే కనిపించేసరికి, అబ్బో మీవాళ్లు ఇంతమందా అని ఆశ్చర్యపోయాడు. వాళ్లు మావాళ్లు కాదు, మైదానంలో ఉన్న పదకొండుమందే అని చెప్పారు. ఈ కప్పు తన జట్టుదే కదా అన్నది వాడి తర్వాతి ప్రశ్న. కోపంగా ఉన్నాయన ఏదో అనబోయి ఆగి, ముందు మ్యాచ్ చూడమన్నాడు.

87వ నిమిషం నడుస్తోంది. అన్నం సంగతి చూడటానికి ఎవరూ లేవలేదు.