రద్దు కింద ఒత్తు

మాది కోలారు వైపు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. బళ్ళారిలో, హోసూరులో ఉన్న మనవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. తెలుగు అక్షరాలు మాకెవరూ కూర్చోబెట్టి దిద్దించలేదు. కన్నడ అక్షరాల పోలికతో బస్సు బోర్డులూ సినిమా పోస్టర్లూ చూసి పట్టుకున్నాం. ఇది కూడా అవ్వ ఒకసారి చదివి తప్పులు దిద్దినదే.

ఆఫీసులో మేము సాఫ్ట్‌వేర్ టెస్టర్లం. మా యాప్ మొదట ఇంటి బిల్లులు కట్టడానికి పుట్టింది. తర్వాత రీచార్జి వచ్చింది, టికెట్లు వచ్చాయి, ఒక్కో పనికి ఒక్కో టీమ్ వచ్చింది. ఎవరి బటన్ వాళ్ళు చేసుకున్నారు. 'రద్దు' ఒక తెరలో ఎడమన ఉంటే ఇంకో తెరలో కుడిన. ఒకరోజు కూర్చుని లెక్కపెడితే ఒక్క నీలం రంగే 17 రకాలు తేలింది.

అందుకని డిజైన్ సిస్టమ్ అన్నారు. పెళ్ళింట్లో సామానంతా ఒక గదిలో పెట్టి తాళంచెవి ఒకరి చేతికిచ్చినట్టు. రంగుకీ, అక్షరం సైజుకీ, మధ్య ఖాళీకీ పేర్లు పెడతారు, వాటిని టోకెన్లు అంటారు. కోడ్‌లో ఎవరూ రంగు నంబరు నేరుగా రాయకూడదు, పేరే రాయాలి. పేరు వెనక విలువ ఒకచోట మారిస్తే యాప్ అంతా మారుతుంది. బటన్ కూడా అందరికీ ఒక్కటే. తాళంచెవి ఎవరి దగ్గరుండాలనే దానికి గవర్నెన్స్ అని పేరు. ఇద్దరు డిజైనర్లు, ఒక ఇంజినీరు కూర్చున్నారు. టెస్టర్లని పిలవలేదు.

కొత్త వెర్షన్ వచ్చిన మూడో రోజు అవ్వ ఫోన్ పట్టుకొచ్చింది. అవ్వ పుట్టిల్లు మదనపల్లె, తెలుగు బడిలో ఐదో తరగతి చదివింది.

"ఏమప్పా, ఈ 'రదు' అంటే ఏంది? ఒత్తు ఎవరు మింగినారు?"

చూస్తే ద ఒత్తు తెగిపోయింది. బటన్ ఎత్తు ఇంగ్లీషుకి కొలిచి బిగించేశారు, మించినది కనిపించకుండా కోసేయమని రాశారు. ఇంగ్లీషులో కిందికి వేలాడేవి జీ, వై లాంటి కొన్ని తోకలే. మనకి 'రాష్ట్రం' అంటే ఒకే ష కింద ట ఒత్తూ ర ఒత్తూ పట్టాలి. ఐత్వం పైనా కిందా కూడా ఉంటుంది. ఇదివరకైతే ఒక టీమ్ తప్పు ఒక తెరతో పోయేది. ఇప్పుడు బటన్ ఒక్కటే కదా, యాప్ అంతా తెగింది. 'చెల్లించు' కాస్తా 'చెలించు' అయింది.

ఆ తెలుగు తెరలకి పాస్ అని పెట్టింది మేమే. కన్నడంలోనూ ఆ మాట రద్దే, అక్కడా తెగింది, అదీ చూడలేదు. మాట ముందే తెలుసు కాబట్టి ఒత్తుని మా కళ్ళే వేసుకున్నాయి. "తెలుగు మీకు వచ్చు కదా" అని అందరూ మాకే వదిలేసేవాళ్ళు. సగమే వచ్చని చెప్పడానికి మాకు నోరు రాలేదు.

మీటింగులో మొదట వచ్చిన మాట, "తెలుగుకి వేరే బటన్ చేసుకోండి" అని. మేము ఒప్పుకోలేదు. వేరుపడితే వచ్చే ఏడాది మార్పులు దాన్ని వదిలేసి వెళ్ళిపోతాయి, దూరపు చుట్టానికి పెళ్ళిపత్రిక మరిచిపోయినట్టు. వెబ్ అందుబాటు నియమాల 2018 నాటి 2.1 వెర్షన్‌లో 1.4.12 అని ఒకటుంది: వరుసల ఎత్తు అక్షరం సైజుకి 1.5 రెట్లు చేసినా ఏదీ తెగకూడదు. అది చూపించాం. అప్పుడు దిగొచ్చారు. బిగించిన ఎత్తు తీసేసి కనీస ఎత్తు పెట్టారు, ఒక్కో లిపికి వరుస ఎత్తు టోకెన్ వేరుగా ఇచ్చారు. ఒక్కచోట మార్చారు, యాప్ అంతా బాగుపడింది. ఆ సుఖం మాత్రం ఒప్పుకోవాలి.

ఇప్పుడు ఆ గుంపులో మాకూ ఒక కుర్చీ ఉంది. కొత్తది ఏది చేర్చాలన్నా ఒక మాటల పట్టీతో పరీక్షిస్తాం, ఆ భాష బడిలో చదివినవాళ్ళు సంతకం పెట్టాలి. తెలుగు పట్టీ అవ్వ చెప్పిందే: రాష్ట్రం, స్వాతంత్ర్యం, లక్ష్మి, కైలాసం. తమిళానికీ మరాఠీకీ మనుషులు దొరికారు. ఒడియాకి ఇంకా లేరు, ఆ తెరలు ఆపి ఉంచాం. తెలుగు గడిలోంచి మా పేరు తీయించేసుకున్నాం. అనంతపురం నుంచి వచ్చిన ఒకాయన పెడుతున్నాడు. మేము ఆదివారాలు అవ్వ దగ్గర కూర్చుంటున్నాం, ఇప్పుడు ఱ దాకా వచ్చాం.