కొత్త టైరు, పాత చక్రం

కారుకు కొత్త టైర్లు వేయించడం మధ్యతరగతి గృహస్థుకు చిన్న ఖర్చు కాదు. అందుకే అతడు టైరు ఏ సంస్థది, ఎప్పుడు తయారయింది, ధర ఏమైనా తగ్గుతుందా అని పదిసార్లు అడుగుతాడు. ఆ టైరును మోయవలసిన చక్రాన్ని గురించి మాత్రం ఒక్క మాటా అడగడు. ఇంటికి వచ్చి కారు కడుగుతున్నప్పుడు చక్రం అంచున తెల్లని గీత కనిపిస్తుంది. దుకాణానికి పరుగెత్తితే "అది పాతదేనండీ" అంటారు. కాదనడానికి ఇతని దగ్గర ఆధారం ఉండదు. తప్పు ఎవరిదో తేలక, చివరకు మాటపడేది పనిచేసిన కుర్రవాడే.

ఎడ్లబండి కర్ర చక్రానికి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి తొడిగిన రోజుల్లో ఈ తగవు లేదు. నీళ్లు పోయగానే ఇనుము ముడుచుకొని కర్రను బిగించి పట్టేది. కర్ర కాస్త కమిలినా ఎవరూ లెక్కచేసేవారు కాదు. కార్ల ఉక్కు చక్రాలూ మొరటువే. గీత పడినచోట కాస్త రంగు పూస్తే సరిపోతుంది. అల్యూమినియం మిశ్రమంతో చేసిన అలాయ్ చక్రం అలాంటిది కాదు. దాని లోహం ఉక్కు కంటె మెత్తన. దాని మెరుపును కాపాడేది పైనున్న పలుచని పారదర్శకమైన పూత. ఆ పూత ఒకచోట చిట్లితే తేమ లోపలికి చేరి, పూత అడుగునే పాకుతుంది. విశాఖపట్నం వంటి తీరనగరాలలో ఉప్పుగాలి దానికి తోడవుతుంది. ఆ క్షయం టైరు ఆనుకొనే చోటికి చేరితే గాలి మెల్లగా దిగిపోవడం మొదలవుతుంది. గీత అందానికి మాత్రమే సంబంధించిన లోపం కాదు.

నిజానికి ఈ పనిలో బలం కంటె కిటుకు ముఖ్యం. టైరు అంచులో ఉక్కు తీగ ఉంటుంది; అది సాగదు. అయితే చక్రం లోపల చుట్టూ ఒక పల్లం ఉంటుంది. టైరు అంచును ఒకవైపు ఆ పల్లంలోకి నొక్కి ఉంచితే, ఎదుటివైపు కావలసినంత వదులు దొరుకుతుంది. ఇది తెలిసిన పనివాడు టైరు అంచుకు ప్రత్యేకమైన లేపనమో, సబ్బునీరో పూసి నిదానంగా జార్చుతాడు. రబ్బరుకు చేటు కనుక గ్రీజు జోలికి పోడు. తెలియనివాడు ఇనుప కడ్డీ మీద ఒళ్లంతా వేలాడతాడు. చక్రం గాయపడేది అక్కడే.

కడ్డీ ఆనేచోట పెట్టడానికి ప్లాస్టిక్ తొడుగులున్నాయి. యంత్రంలో చక్రాన్ని పట్టుకొనే దవడలకూ ఉన్నాయి. అవి అరిగినా, వాటిలో ఇసుక చిక్కుకొన్నా ఉపయోగం లేదు. ఆ ఇసుకే ఆకురాయి అవుతుంది. చక్రాలను ముందే కడిగి తీసుకువెళ్లడం యజమాని చేయగల పని. పని మొదలుపెట్టకముందే ఇద్దరూ కలిసి నాలుగు చక్రాలనూ చూసి, పాత గీతలను ఫొటో తీసుకొంటే తరువాత మాటామాటా పెరగదు. ఇది అనుమానం కాదు. పనివాడికీ అదే రక్ష.

టైరు ఎక్కిన తరువాత కూడా ప్రమాదం పూర్తిగా తప్పదు. సమతూకానికి పెట్టే బిళ్లలను అంచుకు కొక్కెంతో బిగించకుండా, లోపలివైపు అంటించేవి అడగవచ్చు. నట్లను గాలిగన్నుతో ఒక్కసారిగా బిగిస్తే వాటి గుంటల చుట్టూ పూత లేస్తుంది. మొదట చేతితో తిప్పి, చివర టార్క్ రెంచితో బిగించమంటే మంచి పనివాడు విసుక్కోడు. అడగకముందే ఆ రెంచి అందుకొనేవారూ ఉన్నారు.